ఆగొద్దన్న రాజు

ఈజిప్టు రాజుల పాఠం చెప్పడమంటే నాకు మొదట్నుంచీ చికాకు. అరకు దగ్గర గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను సోషల్ టీచర్ని. పిరమిడ్ బొమ్మ చూపించగానే మా పిల్లలు "కొండ" అంటారు. కొండ కాదర్రా, రాజు సమాధి, మనుషులు రాళ్ళు లాగి కట్టారు అంటే, కొండని ఎవరైనా కట్టుకుంటారా అని ఒకరినొకరు పొడుచుకుని నవ్వుతారు. కిటికీలోంచి ఎటు చూసినా ఊరికే దొరికిన కొండలు కనిపించే పిల్లలకు, ఇసుకలో ఒక కొండ కట్టించుకున్నవాడు గొప్పవాడని ఒప్పించడం నా వల్ల కాలేదు.

పుస్తకంలో ఆ రాజులకు పేజీన్నర ఇచ్చారు. రాజు దేవుడి కొడుకు. భూమి ఆయనది, ధాన్యపు కొట్లు ఆయనవి, సైన్యం ఆయనది, తీర్పు ఆయనది. పొలం పని లేని కాలంలో జనం వెళ్ళి ఆయన కట్టడాలకు రాళ్ళు మొయ్యాలి. పేజీన్నరలో ఇంతకన్నా పట్టదు. నేను అక్కడా ఇక్కడా చదివి మరికొంత కలిపేదాన్ని. ఏటా నైలు నది పొంగి, పొలాల మీద నల్లటి ఒండ్రు పరిచి తగ్గిపోయేది. ఆ పొంగు వేళకు రావడం, ఎక్కువా తక్కువా కాకుండా రావడం, రాజు లోకాన్ని సక్రమంగా నిలబెడుతున్నాడనడానికి గుర్తని వాళ్ళ నమ్మకం. సత్యం, న్యాయం, వరస తప్పని నడక, వీటన్నిటికీ కలిపి వాళ్ళ భాషలో ఒకటే మాట ఉండేది. దాన్ని కాపాడటమే రాజు ఉద్యోగం. కిరీటాలూ దండాలూ ఆ ఉద్యోగానికి ఇచ్చిన యూనిఫామ్ అని చెప్పేదాన్ని.

ఒక ఏడాది ఆరో తరగతి గుంట ఒకతి లేచి, "ఆ నీల్లు ఎక్కడ్నుంచి వొత్తాయి మేడమ్?" అంది. ఎక్కడో దూరంగా పెద్ద కొండల మీద వాన పడితే వస్తాయన్నాను. "అయితే ఆ నీల్లు కొండోల్లవి కదా, రాజుకేటి సమ్మందం?" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. పక్కనున్న ఇంకో గుంట మాత్రం నవ్వకుండా, "మరి రాజుకి జొరమొత్తే జనం ఏటి సేత్తారు మేడమ్?" అనడిగింది. జ్వరం వస్తే వైద్యులుంటారమ్మా అని దాటేసి నోట్సు రాయించాను. నిజానికి ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. మా నాన్న రాజని అప్పటికి నాకు తెలీదు.

రాజంటే కిరీటం పెట్టుకున్న రాజు కాదు. మా ఊరికి నాయుడు. మైదానం నుంచి వచ్చినవాళ్ళు నాయుడంటే కులమనుకుంటారు. మా కొండల్లో అది ఊరి పెద్దరికం, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఊరంటే ఒక కేక వేస్తే చివరింటికి వినిపించేంత ఊరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని నేనే వెక్కిరించేదాన్ని. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు గానీ, మా నాన్న తలచుకుంటే మా మేక కూడా దొడ్లోకి వచ్చేది కాదు. తగువు తీర్చమని వచ్చినవాళ్ళు ఆయన ముందే ఇంకాస్త తగువు పడి, జీలుగు కల్లు తాగి, వాళ్ళంతట వాళ్ళే రాజీపడి వెళ్ళేవాళ్ళు. మధ్యలో కూర్చుని చుట్ట కాల్చడమే నాన్న పని. రేషన్ కార్డులూ పింఛన్లూ వచ్చాక ఆ తగువులు కూడా మండలం ఆఫీసుకు తరలిపోయాయి.

ఆయనకు మిగిలింది ఒకటే, విత్తనం. చైత్రంలో ఇటుకల పండుగకి ప్రతి ఇంటివాళ్ళూ బుట్టలో విత్తనాలు తెచ్చి దేవత ముందు పెడతారు. నాన్న తన చేత్తో అన్నీ కలిపి, తిరిగి ఇంటింటికీ ఇంత పంచుతాడు. ఆ తర్వాత కొండ మీద తొలకరి పడి, మా మెట్టపొలం చెక్కలో నాన్న మొదటి గుప్పెడు సామలు చల్లేదాకా ఊళ్ళో ఎవరూ విత్తనం నేల మీద వెయ్యరు. ఆ పొద్దున ఆయన గెడ్డలో, అంటే ఊరి కింది వాగులో, మునిగి, ఉతికిన పంచె కట్టుకుని, ఏమీ తినకుండా నడుస్తుంటే వెనక ఊరంతా బుట్టలతో నడిచేది. ఆయన చెయ్యి విదిలించాక ఎవరి చెక్కలోకి వాళ్ళు పరుగులు. మామిడికాయ సంగతీ అంతే. దేవతకు పెట్టి, కొత్త పండుగ చేసి, నాన్న ఒక ముక్క నోట్లో వేసుకునేదాకా, రాలిన కాయైనా సరే చిన్నపిల్లలు కూడా కొరకరు.

ఇదంతా చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కూతురిగా నాకు మిగిలింది వేరే. విత్తనాలు కలిపిన రోజు నుంచి మొలక కనిపించేదాకా నాయుడు ఊరి గెడ్డ దాటి బయట ఉండకూడదు. నా పెళ్ళి మాఘంలో తప్ప కుదరదన్నారు. నాకు బిడ్డ పుట్టింది జూన్ నెలలో. అందరి తండ్రులూ ఆస్పత్రి వరండాలో కూర్చుంటే మా నాన్న గెడ్డకి ఇవతలే కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళినప్పుడు, "నాన్నా, నువ్వు ఊరికి పెద్దవా, కట్టేసిన గేదెవా?" అని అడిగేశాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, "రెండూ ఒకటేనే అమ్మీ" అన్నాడు. ఈజిప్టు రాజుల రోజు కూడా ఇలాగే గడిచేదని పాతకాలం యాత్రికుడెవరో రాసింది తర్వాతెప్పుడో చదివాను. లేవడం, స్నానం, పూజ, నడక, అన్నిటికీ వేళ పెట్టి ఉంచేవారట. అంత అధికారం ఉన్నవాడికి తనకు తోచినప్పుడు స్నానం చేసే వీల్లేదు.

ఆ గుంట జ్వరం గురించి అడిగిన మరుసటి ఏడాది, పండుగైపోయి విత్తనాలు పంచేశాక, నాన్న పనసచెట్టు కింద తడి బండ మీద కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మా ఊరికి రోడ్డు లేదు. డోలీ కట్టి, మా చిన్నాన్నా ఇంకొందరూ భుజాల మీద మోసుకుని కిందికి దింపారు. గెడ్డ దగ్గరకొచ్చేసరికి నాన్న డోలీలోంచి చెయ్యి చాపి ఆపమన్నాడు. చిన్నాన్న ఆపలేదు. "ఇప్పుడు ఆగితే కాలు పోతాది అన్నా" అని నీళ్ళలోకి దిగేశాడు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. అవతలి గట్టు ఎక్కేదాకా తెరవలేదు.

విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. మంచం పక్క కిటికీలోంచి సముద్రం కనిపించేది. ఆయన పుట్టాక మొదటిసారి సముద్రం అంత దగ్గరకొచ్చింది, అయినా అటు చూడలేదు. మెడ తిప్పి రెండో కిటికీలోంచి కొండలవైపు మబ్బు కోసం వెతికేవాడు. నర్సు వచ్చి మందిచ్చినా, నేను గంజి పట్టినా, "అక్కడ వాన పడ్డాదేటి?" అనే అడిగేవాడు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అంటారు. ఆ ఏడు వాన ముందే వచ్చేసింది. సిగ్నల్ దొరికే బండ ఎక్కి చిన్నాన్న ఫోన్ చేశాడు. "మంచి వాన. నీరు నేల్లోకి దిగిపోనాది. పదును బాగున్నాది" అన్నాడు. పదునంటే విత్తనం మొలిచేందుకు సరిపడా నేలలో తడి. నాన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"ఒరే తమ్ముడా, నా కోసం ఆగొద్దు. బేగి సల్లీండి. పదును పోతే మల్లీ రాదు. నాయుడ్ని సెప్తన్నాను, ఇనపడతందా?"

"అలగే అన్నా" అన్నాడు చిన్నాన్న.

ఆ మాటతో నాన్న ఒళ్ళంతా తేలికపడింది. తలగడ మీద వాలి నవ్వాడు. ఆ తర్వాతి రోజుల్లో నేను చూసిన నాన్న నాకు కొత్త. జూన్ నెలలో ఊరి బయట, ఏ పనీ లేకుండా, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా ఉన్న మనిషి. సముద్రం వైపు మంచం జరపమన్నాడు. చాలాసేపు చూసి, "ఈ గెడ్డ మా గెడ్డకన్నా పెద్దదే" అని ఒప్పుకున్నాడు. పక్క మంచం వాళ్ళకి మా ఊరి సామల గురించి చెప్పేవాడు. ఈపాటికి మొలక సూది మొనంత వచ్చి ఉంటుందని వేళ్ళతో చూపించేవాడు. ఆయన అంత హాయిగా ఉండటం చూసి, ఈ తుంటి ఎముకేదో ఇరవై ఏళ్ళ కిందే విరిగితే బాగుండేదనిపించింది నాకు.

బడి తెరిచారు. మా ఆయన్ని ఆస్పత్రిలో ఉంచి నేను డ్యూటీలో చేరడానికి వచ్చాను. నాన్న బట్టలు తెద్దామని ఊరికెళ్ళాను. గెడ్డ దాటి పైకెక్కగానే మా కొండ వాలు కనిపించింది. ఎర్రగా, బోడిగా ఉంది. పచ్చటి చుక్క ఎక్కడా లేదు. దున్నిన చాళ్ళు దున్నినట్టే ఉన్నాయి. విత్తనం బుట్టలు ఇళ్ళల్లో అటకల మీదే ఉన్నాయి.

చిన్నాన్న అరుగు మీద మరికొందరు పెద్దవాళ్ళతో కూర్చుని ఉన్నాడు. నేను పలకరింపు కూడా లేకుండా, "ఏటి సిన్నాన్నా, ఎందుకు చల్లలేదు? నాన్న చెప్పాడు కదా, నువ్వు అలగే అన్నావు కదా!" అని విరుచుకుపడ్డాను.

"ఆడు మంచం మీద ఉన్నాడు. కాదంటే బాధపడతాడని అన్నాను" అన్నాడు.

అప్పుడు నా పాండిత్యం బయటికి తీశాను. ఈజిప్టు గుళ్ళ గోడల మీద ఎక్కడ చూసినా దేవుడికి నైవేద్యం పెడుతున్నది రాజొక్కడే. రాజు ఒకడు, గుళ్ళు ఊరూరా. ఒక్క మనిషి ప్రతి పొద్దునా అన్ని గుళ్ళలో ఎలా ఉంటాడు? ఉండడు. పూజారులే చేసేవాళ్ళు, రాజు పేరు చెప్పి చేసేవాళ్ళు. రాజు చేసినట్టే లెక్క. "నువ్వూ అలాగే నాన్న పేరు చెప్పి గుప్పెడు చల్లు సిన్నాన్నా, అంత పెద్ద దేశం నడిచింది, మన ఊరు నడవదా?" అన్నాను.

వాళ్ళు శ్రద్ధగా విన్నారు. ఆ రాజుల పంట ఏమిటని ఒకాయన అడిగాడు కూడా. గోధుమ, బార్లీ అన్నాను. చిన్నాన్న తల ఊపి నెమ్మదిగా చెప్పాడు.

"ఆలకి రాజు పేరు సాలీసినాది. మనకి నాయుడి కాలు నేల మీద ఉండాల. మీ అయ్య గెడ్డ దాటీసినాడు. గెడ్డ అవతల్నుంచి వొచ్చింది నాయుడి మాటెలాగవుద్ది? అది రోగి మాట."

"అయితే ఆయన వచ్చేదాకా పదును ఉంటుందా?"

ఉండదని వాళ్ళందరికీ నాకన్నా బాగా తెలుసు. అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అని నాకు ఊయల్లో నేర్పినవాళ్ళే వాళ్ళు. చివరికి చిన్నాన్న నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఓలే గుంటా, ఆడు లేకుండా విత్తనమేసీసినామంటే దానర్థం ఏటి? ఇంక ఆడు లేడనే కదా. ఆడు ఆస్పత్రిలో పేనాలతో ఉండగా ఆ మాట మా సేతుల్తో ఎలాగంతామే?" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు అర్థమైంది ఆ గుంట ప్రశ్న. రాజుకి జ్వరమొస్తే జనం ఆగుతారు. రాజంటే జనం శిక్షకి భయపడి లొంగి ఉంటారని నేను పిల్లలకు చెప్పేదాన్ని. మా ఊళ్ళో నాన్నంటే భయపడేవాడు ఒక్కడూ లేడు. ఆయన బతకాలని ఆగారు. భయపెట్టేవాడినైతే ఎప్పుడో ఒకప్పుడు ఎదిరించొచ్చు, ఇలాంటి ప్రేమకి ఎవరం ఏం చెయ్యగలం? నేను బట్టలు తీసుకుని దిగి వచ్చేశాను.

నాన్నకి నిజం చెప్పాను. "అలగే అన్నాడు కదే" అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు. తర్వాత మంచం మీంచి కాలు దింపబోయాడు. డాక్టరు తల పట్టుకున్నాడు, నేను బతిమాలాను, ఆయన తిండి మానేశాడు. చివరికి కాగితాల మీద సంతకం పెట్టించుకుని వదిలిపెట్టారు. జీపు వెనకసీట్లో పడుకోబెట్టి, కింద నుంచి మళ్ళీ డోలీలో ఎక్కించి, కుర్చీలో కూర్చోబెట్టి మెట్టలోకి మోశారు. ఊరంతా వెనకే ఉంది. ఎంత సంతోషంగా ఉన్నారో! పిల్లలు ముందు పరుగెత్తారు, ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. నాన్న కుర్చీలోంచి వంగి మట్టి తీసి పిసికాడు. అది ముద్ద కట్టలేదు, పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఆయన తలెత్తి అందర్నీ చూశాడు. బుట్టలోంచి గుప్పెడు సామలు తీసి చల్లాడు.

ఆ తర్వాత చాలాకాలం వాన లేదు. చీమలు మోసినంత మోశాయి, పిట్టలు ఏరినంత ఏరాయి. మిగిలిందాన్ని ఒక్కసారిగా కురిసిన కుండపోత గెడ్డలోకి ఈడ్చుకుపోయింది. ఆ శీతాకాలం మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ సామన్నం లేదు. అందరూ రేషన్ బియ్యమే తిన్నారు. ఒక్కరూ నాన్నని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్లు తిన్నవాడు తిరిగి తిట్టి తేలికపడతాడు. అందరూ ఎప్పట్లా వచ్చి, తుంటి ఎలా ఉందని అడిగి, కూర తెచ్చిపెట్టి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక ఆయన గోడవైపు తిరిగి, "నా మాట ఎవులూ ఇన్నేదు" అనుకునేవాడు.

అది అహం దెబ్బతిన్న మాట అనుకున్నాను మొదట్లో. కాదు. తనవల్ల ఊరు పంట పోగొట్టుకుందని ఆయన దుఃఖం. నిజంగా అవసరమైన ఆజ్ఞ జీవితంలో ఒక్కటే ఇచ్చాడు. నన్ను చూడకండి, మీ పని మీరు చేసుకోండి అని. ఆ ఒక్కటే చెల్లలేదు. ఈజిప్టు రాజులు రాళ్ళు లాగమంటే కొండలంత రాళ్ళు కదిలాయి. నేను లేకపోయినా నది వస్తుంది, వెళ్ళి విత్తుకోండి అని వాళ్ళలో ఎవరైనా అన్నాడా, అన్నా ఎవరైనా వినేవాళ్ళా? గోడల మీద గెలుపులే చెక్కించుకున్నారు. పొంగు రాని ఏళ్ళలో రాజు ఇంట్లో ఎలా కూర్చున్నాడో ఎవరూ చెక్కలేదు.

చలికాలం చివరికి నాన్న వాకర్ పట్టుకుని అరుగు దిగి వీధి మధ్యదాకా నడిచాడు. ఊరు ఊరంతా చూసింది. చాలా ఏళ్ళు ఏలిన ఈజిప్టు రాజు, తనలో ఇంకా సత్తా ఉందని చూపించడానికి ఒక పండుగ పెట్టి పరుగు తీసేవాడట. మా నాన్న నడకే మా ఊరికి ఆ పరుగైంది. "ఇంకేటి, మన నాయుడు నెగిసినాడు, ఈ ఏడు సామలకి లోటు నేదు" అని ఇంటింటా అదే మాట. నాన్న కూడా విన్నాడు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "మల్లీ నా కోసరమే సూత్తారు" అన్నాడు. ఆయన గొంతులో నేను ఎప్పుడూ వినని భయం ఉంది.

చైత్రం వచ్చింది. ఉగాది సెలవులకి నేను ఊళ్ళోనే ఉన్నాను. కొత్త పండుగ ఇంకా కాలేదు. వీధిలో జనం బాగా ఉన్న వేళ నాన్న కర్ర పట్టుకుని మా ఇంటి ముందున్న మామిడిచెట్టు కిందికి నడిచాడు. కిందపడ్డ కాయ ఒకటి కర్రతో దగ్గరకు లాక్కుని, వంగలేక వంగి తీసుకుని, పంచెతో తుడిచి, కసుక్కున కొరికాడు. అసలే పచ్చికాయ. పులుపుకి ఆయన మొహం మెలికలు తిరిగిపోయింది. ఇంకోచోటైతే నవ్వొచ్చేది. పిల్లలు కెవ్వుమన్నారు. ఒక ఆడమనిషి తెస్తున్న నీళ్ళబిందె దించేసింది.

"అన్నా!" అని అరుచుకుంటూ చిన్నాన్న పరుగెత్తుకొచ్చాడు. చుట్టూ మూగినవాళ్ళలో ఎవరో, "పాపం, ఆపరేసను మందులకి మతి తప్పినాది, తెలీక తిన్నాడు" అన్నారు. అందరూ ఆ మాటే పట్టుకున్నారు. ఔను, తెలీకే తిన్నాడు. నాన్న వాళ్ళందర్నీ ఓపిగ్గా చూసి, ఇంకో కాయ కర్రతో లాక్కున్నాడు.

"తెలిసే తింతన్నాను" అన్నాడు. టెంకదాకా తిన్నాడు.

ఇక కాదనడానికి వీల్లేకపోయింది. పెద్దలు కూర్చున్నారు. నాన్న వాళ్ళ మధ్య కూర్చోకుండా ఎదురుగా నిలబడ్డాడు. "కొత్త తప్పినోడి సేతి విత్తనం మీకొద్దు. నాకు కొడుకుల్నేరు. తమ్ముడు సేత్తానంటే మీ ఇట్టం" అన్నాడు. చిన్నాన్న, అన్న బతికుండగా ఆ పీట మీద కూర్చోనని ఏడ్చాడు. "అయితే ఎవులి చెక్కలో పదునైతే ఆలు సల్లుకోండి. ఇంక ఎవుల్నీ సూడొద్దు" అన్నాడు నాన్న. ఈసారి ఆయన మాట విన్నారు. ఆయన ఇంక నాయుడు కాదు గనుక వినగలిగారు. ఆ ఏడు ఇటుకల పండుగలో బుట్టలు దేవత ముందు పెట్టి, ఎవరివి వాళ్ళు ఇంటికి తీసుకుపోయారు.

నేను పొంగిపోయాను. నా పక్కనున్న మనిషి, పుస్తకాల్లోని ఏ రాజూ చెయ్యని పని చేశాడు. "నాన్నా, నువ్వు వాళ్ళందరికన్నా గొప్పోడివి" అన్నాను. ఆయన పళ్ళు పులిసిపోయాయని ఉప్పునీళ్ళు అడిగాడు.

జూన్‌లో తొలకరి పడింది. బడి ఇంకా తెరవలేదు, నేను ఊళ్ళోనే ఉన్నాను. రాత్రంతా కురిసి తెల్లవారేసరికి ఆగింది. నేను లేచి చూసేసరికి నాన్న దొడ్లో తలమీద నీళ్ళు పోసుకుంటున్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. అంబలి తెస్తే వద్దన్నాడు. "ఎందుకు నాన్నా?" అంటే, "అలగే" అన్నాడు. కర్ర పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

ఊరి నుంచి మెట్టలకి దారి మా గుమ్మం ముందు నుంచే. ఇళ్ళలో బుట్టలు దింపుతున్న చప్పుడు, పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. ఎవరూ ఇటు రావడం లేదు. కాసేపటికి కాఫీ తోటలోంచి మాటలు వినిపించాయి. ఊరంతా పై దారిన, చుట్టు తిరిగి వెళ్తోంది. చేతిలో విత్తనం బుట్టతో ఆయన ఎదుటి నుంచి నడవడానికి ఎవరికీ మనసొప్పలేదు. చెట్ల సందుల్లోంచి చిన్నాన్న తలపాగా కనిపించింది, వెంటనే వంగిపోయింది. ఆయన నొచ్చుకోకూడదనే అలా వెళ్ళారు. ఆ రోజు ఒక్కరైనా మా గుమ్మం ముందు నుంచి నడిచి ఉంటే, ఒక్కరైనా తలెత్తి "సల్లడానికి ఎల్తన్నాం" అని ఉంటే అని ఇప్పటికీ నా గుండె పీకుతుంది.

"సల్లుతున్నారేటి?" అన్నాడు నాన్న.

"చల్లుతున్నారు నాన్నా."

"పదును బాగున్నాదా?"

"బాగుంది."

"మంచిది" అన్నాడు. కర్ర చేతిలోకి తీసుకుని, "నువ్వు సెప్పే ఆ రాజుల్లో దిగిపోనోడు ఎవుడైనా ఉన్నాడేటే?" అనడిగాడు.

నాకు తెలిసినంతలో వెతికాను. "చచ్చిపోయాకే దిగేవాళ్ళు నాన్నా. అప్పటికీ పూర్తిగా దిగేవాళ్ళు కాదు. సమాధి దగ్గర తిండి పెట్టేవాళ్ళు."

"తిండెట్టీవోరా" అని ఆశ్చర్యపోయాడు.

ఎండ అరుగు మీదికి వచ్చింది. ఆయన ఇంకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఎప్పుడు తింటావంటే, ఎవరైనా వచ్చి విత్తనం పడిందని చెప్తే తింటానన్నాడు. నేను చిన్నాన్నని పిలుచుకొస్తానని లేచాను. నాన్న నా చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. "పిలవొద్దు. ఆగొద్దన్నది నానే కదా" అన్నాడు. నేను మళ్ళీ కూర్చునేదాకా పట్టు వదల్లేదు.

మధ్యాహ్నం దాటింది. జనం మళ్ళీ పై దారినే ఇళ్ళు చేరారు. పొయ్యిలు వెలిగాయి. మా ఇంటికి ఎవరూ రాలేదు. నేను లోపలికెళ్ళి గిన్నెలో చోడి అంబలి పోసి, బయటికొచ్చి, అరుగు దిగి, వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. పరాయి మనిషి వచ్చి నిలబడేచోట నిలబడి, చేతులు జోడించి, నా నోటికి ఎప్పుడూ రాని మాట అన్నాను.

"నాయుడా, ఇత్తనం సల్లీసినాం."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నేను కూతుర్నని, పెళ్ళై గెడ్డ దాటిపోయినదాన్నని, నా మాట ఊరి మాట కాదని ఇద్దరికీ తెలుసు. చెయ్యి చాపి గిన్నె అందుకున్నాడు. కొంత పంచె మీద ఒలికింది. సగం తాగి గిన్నె కింద పెట్టాడు.

"పదును బాగున్నాదన్నావు కదే" అని మళ్ళీ అడిగాడు.